నీట్ పోయింది, మరి వైరస్ మందుల పరిశోధన?

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయికి రెండుసార్లు నీట్ పోయింది. వైరస్‌ను నేరుగా కొట్టకుండా మన రోగనిరోధక శక్తి, జీవక్రియల మీద పనిచేసే మందుల్లో పరిశోధన చేస్తానంటోంది. ప్రైవేటు కాలేజీలో 'ఏఐ డ్రగ్ డిస్కవరీ' బీటెక్‌కి లోన్ తీసుకోమంటున్నారు. లేక బరంపురంలో బీఎస్సీ మేలా?"

అమ్మా, ఊరు మారినా, కోర్సు పేరు మారినా నాకొచ్చే ఉత్తరాల్లో దిగులు ఒకటే: డాక్టరు కాని పిల్ల గతేమిటని. మీ అమ్మాయికి ఏమీ కాలేదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే తనకేం కావాలో చెప్పగలుగుతోంది, సంతోషించండి.

ఆమె పట్టుకున్న విషయం కూడా గట్టిది. వైరస్‌కి సొంత సరుకు ఉండదు. మన కణంలోని కొవ్వులు, న్యూక్లియోటైడ్లు (డీఎన్ఏ, ఆర్ఎన్ఏలు తయారయ్యే ముక్కలు) వాడుకునే పెరుగుతుంది. ఆ సరుకు అందకుండా చేస్తే, అది రూపం మార్చుకున్నా తప్పించుకోవడం కష్టం. కానీ మందు పనిచేసేది మన కణం మీదే కాబట్టి దుష్ఫలితాలూ మనకే. కీళ్లవాతం మందు బారిసిటినిబ్‌ను కోవిడ్‌లో శ్రుతిమించిన రోగనిరోధక స్పందనను తగ్గించడానికి ఇచ్చారు. వేరే ఇన్‌ఫెక్షన్లు సోకే ముప్పు దానితోనే ఉంది. అంతదూరం ఎందుకు? బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ చికున్‌గున్యా వైరస్‌ను ఎలుకల్లో తగ్గించిందని చూపించింది భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ వాళ్లే. (అది ఎలుకల మాట, చికున్‌గున్యాకి ఇంట్లో మాత్ర వేసుకునేరు!)

ఆ బీటెక్ మీద మాత్రం నాకు నమ్మకం కుదరడం లేదు. కంప్యూటర్ వంద అణువులను సూచించవచ్చు. వాటిని కణాల మీద పెట్టి, వైరస్ ఎక్కించి, ఎంత తగ్గిందో లెక్కపెట్టాల్సింది మనిషే. కణాలను పెంచే సెల్ కల్చర్ గది లేకుండా, ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) గట్టిగా చెప్పే మాస్టారు లేకుండా పేరులో ఏఐ తగిలిస్తే ఏం వస్తుంది? బయాలజీ పునాది గట్టిపడ్డాక కోడింగ్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్ల దారి. నిజమే. అయితే పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 ఫెలోషిప్ ఉంది. అప్పటిదాకా అప్పు లేకపోవడమే ఆమెకు పెద్ద బలం.

ఒకమాట కటువుగానే చెప్తాను. రెండేళ్లుగా ఆ పిల్ల వినేది "నీట్ పోయింది" అన్న మాటేనేమో. చుట్టాల ముందు అనడం ఇవాళే మానండి. రేపు ఆమెను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమనండి. చూసేదాకా లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.