అలర్జీ–ఇమ్యునాలజీ ఫెలోషిప్: ముందు వీసా లెక్క తేల్చుకోండి

గాంధీ, ఉస్మానియా, గుంటూరు, రంగరాయ వైద్య కళాశాలల్లో చదివి అమెరికాలో రెసిడెన్సీలో చేరిన మన యువ వైద్యులు అలర్జీ–ఇమ్యునాలజీ ఫెలోషిప్ (రెసిడెన్సీ తరువాతి ప్రత్యేక శిక్షణ) గురించి అడిగే ప్రశ్నలు ఎక్కువగా స్టెప్ (అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల) మార్కుల చుట్టూ, ప్రచురించిన పత్రాల సంఖ్య చుట్టూ తిరుగుతాయి. వాటికి విలువ లేదని అనను గాని, ముందుగా తేల్చుకోవలసినవి వేరే రెండు ఉన్నాయి: రెసిడెన్సీ ఏ వీసా మీద చేస్తున్నారు, వేవర్ (స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న వీసా నిబంధన నుండి మినహాయింపు) కోసం చేసే ఉద్యోగం ఫెలోషిప్‌కు ముందు చేస్తారా, తరువాత చేస్తారా. ఈ రెండూ తేలకుండా దరఖాస్తు పెట్టినవారికి సీటు దొరికిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది.

మొదట శాఖ గురించి కొంత చెప్పాలి. మన దేశంలో క్లినికల్ ఇమ్యునాలజీ అనగానే చండీగఢ్ పీజీఐలోనైనా, లక్నో సంజయ్ గాంధీ సంస్థలోనైనా రుమటాలజీతో జతపడి ఉంటుంది. అమెరికాలో లూపస్, కీళ్ళవాతం వంటివి రుమటాలజిస్టులు చూస్తారు. ఈ శాఖకు ఉబ్బసం, ముక్కు అలర్జీ, ఆహారపు అలర్జీలు, మందుల అలర్జీలు, దద్దుర్లు, పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు వస్తాయి. ఇంటర్నల్ మెడిసిన్‌లోగాని పీడియాట్రిక్స్‌లోగాని మూడేళ్ళ రెసిడెన్సీ పూర్తి చేసినవారు దీనికి అర్హులు, శిక్షణ రెండేళ్ళు. ఏ ద్వారం నుండి వచ్చినా పసిపిల్లల నుండి వృద్ధుల వరకు అందరికీ చికిత్స చేయడం నేర్పుతారు. 1971లో ఏర్పడిన అలర్జీ–ఇమ్యునాలజీ బోర్డు ధ్రువపత్రం ఇవ్వాలంటే అంతకుముందే ఇంటర్నల్ మెడిసిన్ లేదా పీడియాట్రిక్స్ బోర్డు ధ్రువపత్రం ఉండాలి. అందువల్ల భారతదేశపు ఎం.డి.తో నేరుగా ఫెలోషిప్‌లో చేరవచ్చునన్న ఆశ పెట్టుకోకండి. విదేశీ వైద్యులకు అమెరికాలో రెసిడెన్సీ లేకుండా తాత్కాలిక లైసెన్సు ఇచ్చే చట్టాలు టెనెసీ వంటి కొన్ని రాష్ట్రాల్లో వచ్చాయి గాని, లైసెన్సు వేరు, బోర్డు అర్హత వేరు.

సీట్లు తక్కువ. కార్డియాలజీలో ఏటా వెయ్యికి పైగా ఉంటే ఇక్కడ నూట యాభైకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. చాలా కేంద్రాల్లో ఏడాదికి ఒకరిద్దరినే తీసుకుంటారు. దరఖాస్తులు రెసిడెన్సీ మూడో సంవత్సరం మొదలయ్యే జూలైలోనే వెళతాయి, మ్యాచ్ (అభ్యర్థులకు సీట్లు కేటాయించే పద్ధతి) ఫలితం డిసెంబరులో వస్తుంది. అంటే మీ చేతిలో ఉన్నది మూడేళ్ళు కాదు, మొదటి రెండేళ్ళే. అందులో మొదటి ఆరు నెలలు ఆసుపత్రి పద్ధతులకు అలవాటు పడటానికే సరిపోతాయి.

ఇక వీసా. జె-1 (శిక్షణ కోసం ఇచ్చే వీసా) మీద వచ్చినవారికి శిక్షణ మొత్తానికి సాధారణంగా ఏడేళ్ళ పరిమితి ఉంటుంది కనుక మూడూ రెండూ కలిపి ఐదేళ్ళు సులువుగా పడతాయి, చాలా కేంద్రాలు జె-1ను నిస్సంకోచంగా తీసుకుంటాయి. చిక్కల్లా ఆ తరువాతే. శిక్షణ ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, లేకపోతే వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేసే షరతు మీద వేవర్ పొందాలి. 1994 నుండి నడుస్తున్న కాన్‌రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 వేవర్లే ఉంటాయి, వాటిలో చాలా రాష్ట్రాలు ప్రాథమిక వైద్యులకు ముందు చోటిస్తాయి. అమెరికా కేంద్ర ఆరోగ్యశాఖ ద్వారా వచ్చే వేవర్ ప్రాథమిక వైద్యానికి, సైకియాట్రీకి పరిమితం కావడం వల్ల అలర్జిస్టుకు ఆ దారి లేదు. పైగా మన శాఖ ప్రధానంగా ఔట్‌పేషెంట్ వైద్యం, నగరాల్లో కేంద్రీకృతమైనది. మారుమూల కౌంటీ ఆసుపత్రికి హాస్పిటలిస్టు (ఆసుపత్రిలో చేరిన రోగులను చూసే వైద్యుడు) కావాలి గాని అలర్జిస్టు కోసం వెతికేవారు తక్కువ.

అందుకే కొందరు రెసిడెన్సీ కాగానే మూడేళ్ళు హాస్పిటలిస్టుగా వేవర్ ఉద్యోగం పూర్తి చేసి, తరువాత ఫెలోషిప్‌కు వెళతారు. ఈ దారిలో వేవర్ బెంగ తీరిపోతుంది, డబ్బూ కొంత నిలుస్తుంది. అయితే వేవర్ తీసుకున్నవారు మళ్ళీ జె-1 మీద శిక్షణకు రాలేరు కనుక, హెచ్-1బి (ఉద్యోగ వీసా) ఇచ్చే కేంద్రాన్నే వెతుక్కోవాలి, అవి తక్కువ. హెచ్-1బికి ఉన్న ఆరేళ్ళ పరిమితిలో మూడు వేవర్‌కు, రెండు ఫెలోషిప్‌కు పోతే మిగిలేది ఒక్క ఏడాది. ఆ లోగా గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 (యజమాని వేసే అర్జీ) ఆమోదం పొంది ఉంటే ఆరేళ్ళు దాటినా పొడిగింపు దొరుకుతుంది. అందువల్ల వేవర్ ఉద్యోగం ఒప్పందంలోనే ఆ మాట రాయించుకోవడం మంచిది. రెసిడెన్సీయే హెచ్-1బి మీద చేసినవారికి వేవర్ బాధ ఉండదు గాని, ఫెలోషిప్ కోసం జె-1కు మారితే ఆ రెండేళ్ళ నిబంధన కొత్తగా నెత్తిన పడుతుందని మరవకూడదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడిన తరువాత ఈ లెక్కలను వలస న్యాయవాది దగ్గర కూర్చుని చూసుకోవాలి, వాట్సాప్ బృందాల్లో కాదు.

పరిశోధన విషయానికి వస్తే, ఫెలోషిప్ కాలంలో సుమారు నాలుగో వంతు దానికే కేటాయిస్తారు కనుక ఎంపికలో దాని బరువు తెలుస్తూనే ఉంటుంది. అయినా పది పోస్టర్ల మీద పదో పేరుగా ఉండటం కంటే, ఒక అలర్జిస్టు పర్యవేక్షణలో మీరే ప్రశ్న వేసి, మీరే లెక్కలు కట్టి ముగించిన ఒక్క చిన్న పని నా దృష్టిలో ఎక్కువ విలువైనది. రెసిడెంటుకు అందుబాటులో ఉండే ప్రశ్నలు చాలా ఉన్నాయి. అమెరికాలో పదిమందిలో ఒకరి చార్టులో పెనిసిలిన్ అలర్జీ అని రాసి ఉంటుంది, పరీక్షిస్తే వారిలో నూటికి 90 మందికి పైగా ఆ మందును నిక్షేపంగా తట్టుకుంటారు. మీ వార్డులో ఆ ముద్రను తొలగించే పద్ధతిని అమలుచేసి ఫలితాలు కొలవడం ఒక ఏడాదిలో అయ్యే పని. ప్రయోగశాల వైపు మొగ్గు ఉన్నవారికి మన నేలతో ముడిపడిన సంగతి ఒకటుంది: దక్కన్ అంతటా పెరిగే వయ్యారిభామ పుప్పొడికీ అమెరికాలో శరదృతువులో ముక్కులు కారించే రాగ్‌వీడ్ పుప్పొడికీ ప్రతిరక్షకాల స్థాయిలో సామ్యం ఉంది. హైదరాబాదు నుండి వచ్చిన దరఖాస్తుదారు తన గురించి రాసే వ్యాసాన్ని మృగశిర కార్తె చేప ప్రసాదం క్యూతో ప్రారంభించడం కన్నా ఈ విషయంతో ప్రారంభిస్తే చదివేవారు ఆగి చదువుతారు.

పరిశోధనే జీవితంగా ఎంచుకోదలచినవారికి మరో హెచ్చరిక. ఎన్‌ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు) ఇచ్చే టీ32 శిక్షణ నిధులు, కె08, కె23 వంటి తొలి దశ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే వర్తిస్తాయి. కె99కు, తరువాత ఆర్01కు ఆ అడ్డు లేదు. అందువల్ల మూడేళ్ళ పరిశోధనా మార్గం ఉన్నదని చెప్పే కేంద్రాన్ని ఇంటర్వ్యూలోనే "మూడో ఏడాది నా జీతం ఏ నిధి నుండి వస్తుంది?" అని మర్యాదగా అడగండి. రెసిడెన్సీకి ముందు జె-1 రీసెర్చ్ స్కాలర్‌గా ప్రయోగశాలలో చేరేవారు సిఫారసు లేఖలు సంపాదించవచ్చు, కాని ఆ వీసా మీద రోగులకు చికిత్స చేయరాదు, ఆ సంవత్సరాలు క్లినికల్ శిక్షణ కింద లెక్కకు రావు.

దరఖాస్తుతో పంపే మూడు సిఫారసు లేఖల్లో కనీసం ఒకటి అలర్జిస్టు నుండి ఉండాలి. మీ ఆసుపత్రిలో ఆ శాఖ లేకపోతే రెండో ఏడాది ఎలెక్టివ్‌ను ఉన్నచోటికి మార్చుకోండి. మ్యాచ్ అయిన జె-1 వైద్యులు డిసెంబరులోనే ఢిల్లీలోని ఆరోగ్య మంత్రిత్వ శాఖకు స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ శాఖలో వైద్యులు దేశానికి అవసరమని స్వదేశ ప్రభుత్వం ఇచ్చే లేఖ) కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. రెసిడెన్సీ అప్పుడు తీసుకున్న లేఖ ఇంటర్నల్ మెడిసిన్‌కో పీడియాట్రిక్స్‌కో ఇచ్చినది, ఫెలోషిప్‌కు అలర్జీ–ఇమ్యునాలజీ పేరుతో కొత్త లేఖ కావాలి, అది చేతికి రాకపోతే జూలై 1న పనిలో చేరడం కుదరదు.