నవల, సినిమా పోలిక రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ఉంబెర్టో ఎకో 1980లో ఇటాలియన్ భాషలో ప్రచురించిన 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' నవలనూ, జాఁ-జాక్ అనో 1986లో దాని ఆధారంగా తీసిన సినిమానూ పక్కపక్కన పెట్టుకుని, పుస్తకంలో ఉండి తెర మీద కనిపించని వాటినన్నింటినీ ఓపికగా ఏరావు. ఆ జాబితాలో తప్పేమీ లేదు. అయితే పెద్ద నవల రెండు గంటల పైచిలుకు సినిమాగా మారితే చాలా సంగతులు రాలిపోతాయని పాఠకుడికి ముందే తెలుసు, దానికి సాక్ష్యాలు పోగు చేసిపెట్టనక్కరలేదు. పోయినవాటిని లెక్కపెట్టడం మాని, మారినవాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని దాని వేరు ఎక్కడ ఉందో తవ్వి చూడు. అపరాధ పరిశోధన కథ విషయంలో ఆ వేరు చాలాసార్లు ఒకేచోట దొరుకుతుంది: పరిశోధకుడు నిజం దగ్గరికి ఏ దారిన వచ్చాడు, వచ్చాక ఆ నిజం అతన్ని ఏం చేసింది అన్నచోట.

నవలలో ఆ దారిని మరోసారి చూడు. 1327 నవంబరు చివర, ఉత్తర ఇటలీ కొండల్లోని ఒక మఠంలో వరసగా చావులు జరుగుతాయి. ఒక ముదుసలి సన్యాసి ఈ చావులు బైబిల్ చివరిదైన ప్రకటన గ్రంథంలో, ఒక్కొక్క విపత్తుకు ముందు మోగే ఏడు బూరల క్రమంలో జరుగుతున్నాయని అంటాడు. వడగళ్ళు, రక్తం, నీళ్ళు, నక్షత్రాలు అంటూ ఒక్కొక్క చావూ ఆ వరసలో ఒదిగిపోతున్నట్టే కనిపిస్తుంది. చావుల గుట్టు తేల్చే పనిలో ఉన్న సన్యాసి విలియం ఆ సూత్రాన్ని పట్టుకునే మఠంలోని మరో సన్యాసి, గుడ్డి హోర్హే దాకా వెళతాడు. తీరా వెళ్ళాక తెలిసేదేమిటంటే, సూత్రమన్నదే లేదు. మొదటిది ఆత్మహత్య, ఇంకొకటి వేరొకరి చేతిమీదుగా జరిగిన హత్య. అరిస్టాటిల్ హాస్యం మీద రాశాడన్న గ్రంథాన్ని దాచి, దాని పేజీలకు విషం పూసిన హోర్హే కూడా, ఈ బూరల మాట చెవిన పడ్డాక, ఇదంతా దైవసంకల్పమేనని నమ్మడం మొదలుపెట్టాడు. అంటే పరిశోధకుడు తప్పుదారిన నడిచి సరైన మనిషిని చేరుకున్నాడు. గుర్తులను తాను ఏనాడూ శంకించలేదనీ, గుర్తుల మధ్య ఉండే సంబంధమే తనకు అర్థం కాలేదనీ విలియం చివర శిష్యుడు అడ్సోతో చెప్పే మాటల్లో నవల బరువంతా ఉంది.

ఇప్పుడు మొదటి అధ్యాయానికి వెళ్ళు. మఠం ఇంకా చేరకముందే విలియం మంచులోని గిట్టల ముద్రలనూ, విరిగిన కొమ్మలనూ చూసి, తప్పిపోయిన గుర్రం ఎటు వెళ్ళిందో, ఎలా ఉంటుందో, చివరికి దాని పేరేమిటో కూడా చెప్పేస్తాడు. చివర్లో వెనక్కి తీసుకోవడానికే ఎకో ఈ మేధావిలాసాన్ని గుమ్మంలోనే నిలబెట్టాడని నా అభిప్రాయం. సినిమాలో గుర్రం లేదు. దాని బదులు, హడావుడిగా వెళ్ళి కులాసాగా తిరిగివస్తున్న ఒక సన్యాసిని గమనించి, మరుగుదొడ్డి ఎక్కడుందో విలియం శిష్యుడికి చెబుతాడు. చక్కని హాస్యం, చూస్తే నవ్వు వస్తుంది, ఒక్క నిమిషంలో పాత్ర స్వభావం తెలిసిపోతుంది. నీవు దీన్ని 'చౌకబారు మార్పు' అన్నావు. నేను ఒప్పుకోను. ఆ హాస్యం మీద ముగింపులో చెల్లించవలసిన బాకీ ఏదీ లేకపోవడమే అసలు తేడా. తెర మీది విలియం చివర గ్రంథాలయాన్ని కాల్చేసే మంటల చేతిలో ఓడిపోతాడు, తన తర్కం చేతిలో మాత్రం ఓడిపోడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలతో పెరిగిన మనకు కూడా, చివరి పేజీల్లో ముడి వీడుతుందన్న భరోసాతో చదవడమే అలవాటు. ఎకో ముడి విప్పుతాడు కాని ఆ భరోసాను మిగల్చడు. సినిమా దాన్ని చాలావరకు మిగిల్చింది.

ముగింపు గురించి నీవు రెండే వాక్యాలు రాసి దాటేశావు. అక్కడే ఆగవలసింది. నవలలో మతవిచారణాధికారి బెర్నార్డ్ గీ తన ఖైదీలను వెంటబెట్టుకుని నిక్షేపంగా వెళ్ళిపోతాడు, వాళ్ళలో ఉన్న పేద పల్లె పిల్లను మంటలనుంచి కాపాడేవారెవరూ ఉండరు. సినిమాలో ఆ పిల్ల బతుకుతుంది, గ్రామస్థులు తిరగబడతారు, గీ బండితో సహా లోయలో పడి చస్తాడు. చరిత్రలోని బెర్నార్డ్ గీ 1331 దాకా బతికి ఉన్నాడన్న సంగతిని దర్శకుడు పక్కన పెట్టాడు. చరిత్రను మార్చినందుకు నాకు పేచీ లేదు, కథకులు అందరూ చేసే పనే అది. నా పేచీ వేరు. హంతకుడెవరో తెలిసినా అన్యాయం ఆగదన్నది నవల మన ముందు పెట్టే చేదు. దుర్మార్గుడు చావడంతో ఆ చేదు ఒక్కసారిగా విరిగిపోయింది. ఆ సినిమాలో బలహీనమైన నిమిషాలు అవేనని నేను అనుకుంటాను. నీవు వేరుగా అనుకోవచ్చు, అయితే కారణం రాయి.

గ్రంథాలయం దగ్గర మాత్రం నా ఓటు సినిమాకే. పుస్తకంలో అది ఒకే అంతస్తులో పరచుకున్న యాభై ఆరు గదుల చిక్కుదారి. విలియం, అడ్సోలు బయటినుంచి గోడలనూ కిటికీలనూ లెక్కగట్టి దాని నమూనా గీస్తారు, గదుల మీది అక్షరాలను కలుపుకుంటే దేశాల పేర్లు వస్తాయి, మొత్తం భవనం ఒక ప్రపంచపటమని తేలుతుంది. ఇది చదువుతున్నప్పుడు పెన్సిలు చేత పట్టుకోవాలనిపిస్తుంది. కెమెరా ముందు ఇదంతా పెడితే పాఠం చెప్పినట్టు ఉండేది. కళాదర్శకుడు దాంతే ఫెరెత్తి దాన్ని నిలువుగా లేపి, మెట్ల మీద మెట్లతో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియని వంతెనలతో నింపాడు. అక్కడ తప్పిపోయిన అడ్సోతోపాటు చూసేవాడికీ కళ్ళు తిరుగుతాయి. పుస్తకంలో బుద్ధి చేసే పనిని తెర మీద భయం చేస్తున్నది. మఠంలో ఉండే సాల్వతోరె కూడా ఇటువంటివాడే. నాలుగైదు భాషలు కలగలిపి మాట్లాడే ఆ మనిషిని కాగితం మీద మనం కూడబలుక్కుంటూ చదువుతాము. రాన్ పెర్ల్‌మన్ గొంతులోనూ గూని నడకలోనూ అదే భాష అర్థం తెలియకముందే జాలి పుట్టిస్తుంది. నీ వ్యాసంలో ఈ మనిషి ఊసే లేదు.

నవలలోని సంభాషణలు 'సినిమాకు పనికిరావు' అని తీర్పు చెప్పావు. తొందరపడ్డావు. నవలకు అనుబంధంగా రాసిన వ్యాసంలో ఎకో ఒక విశేషం చెప్పాడు: మఠం నమూనాను ముందు పెట్టుకుని రాశాడట, ఇద్దరు మాట్లాడుకుంటూ ఒకచోటినుంచి ఇంకొకచోటికి నడుస్తుంటే, చేరవలసిన చోటు రాగానే మాటలూ ఆగిపోయేవట. ఆ సంభాషణల నిడివి సినిమాకు సరిగ్గా సరిపోతుందని మరో సినిమా దర్శకుడు మార్కో ఫెరేరి మెచ్చుకున్నాడు కూడా. అదే వ్యాసంలో, మొదటి నూరు పేజీలను కుదించమని మిత్రులూ సంపాదకులూ చెబితే తాను ఎందుకు వినలేదో వివరించాడు. మఠంలో అడుగుపెట్టదలచినవాడు దాని నడకకు అలవాటు పడాలి, ఆ పేజీలు అందుకు ప్రాయశ్చిత్తం వంటివి. ఈ నిదానాన్ని సినిమా బురదతో, పొగమంచుతో, వణికించే చలితో సాధించబోయింది. ఎంతవరకు సాధించిందన్నది నీవు చర్చించదగిన ప్రశ్న. 'సమయం చాలలేదు' అన్న వాదన ఒక్కటీ ఇక్కడ చెల్లదు. 2019లో ఇదే నవల ఎనిమిది భాగాల టీవీ ధారావాహికగా వచ్చినప్పుడు, దొరికిన సమయంలోకి నవలలో లేని పాత్రలు వచ్చి చేరాయి.

ముందు చదవాలా, ముందు చూడాలా అని అడిగావు. ఎలాగైనా ఫరవాలేదు, మొదటిది ముగియగానే రెండవదాని జోలికి పోకుండా నీ మనసులోని బొమ్మను కాగితం మీద పెట్టుకో. పుస్తకంలోని విలియం పొడుగ్గా, బక్కగా, కొనదేలిన ముక్కుతో ఉంటాడు. సినిమాలో ఆ వేషం వేసిన షాన్ కానరీని ఒకసారి చూశాక ఆ బక్క మనిషిని వెనక్కి తెచ్చుకోవడం కష్టం. ఆ కాగితం లేకపోతే నీవు పోల్చేది సినిమాను నవలతో కాదు, సినిమా రంగు అంటిన జ్ఞాపకంతో.

ఇక హంతకుడి పేరు చెప్పకూడదన్న నీ జంకు. పత్రికలో సమీక్ష రాసేవాడికి అది మర్యాద. పోలిక రాసేవాడు ముగింపును దాచిపెడితే చేతిలో మిగిలేది నటుల పేర్లూ, దుస్తుల వర్ణనా. మొదటి పేరాలోనే రెండు కథలూ పూర్తిగా చర్చిస్తున్నానని హెచ్చరించు, ఆ తరువాత నిస్సంకోచంగా రాయి.

ఈ సినిమా తన పేర్లపట్టీలోనే, పాత రాతను గీకేసి దాని మీద కొత్తగా రాసిన చర్మపత్రంగా తనను పరిచయం చేసుకుంటుంది. ఆ ప్రకటనను నీవు గమనించినట్టు లేదు. గీ చావును ఆ వెలుగులో చూసి, గీకేసిన రాత ఇంకా ఎక్కడెక్కడ కనిపిస్తున్నదో, ఎక్కడ బొత్తిగా చెరిగిపోయిందో తేల్చుకో. వ్యాసంలో ముగింపు భాగం ఒక్కటి తిరగరాసి పంపితే చాలు, మిగతాది తరువాత చూద్దాము.

ఆశీస్సులతో.