కథలో ఎద్దు, వీడియోలో ఎద్దు: కాపీ అని కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: 2022లో ఒక మాసపత్రిక కథల పోటీలో నా కథకి బహుమతి వచ్చింది. బండివాడు తన ఎద్దుని ములుకోలతో పొడుస్తుంటాడు. దానికి ఎడమ కన్ను కనపడదు, పోటు వచ్చేది చూడలేదని అటువైపు నుంచే పొడుస్తాడు. అతని కూతురు రాత్రిపూట ఆ గాయాలకి పసుపు పెడుతుంది. చివరికి అదెంత నొప్పో తెలుసుకోవాలని ములుకోలతో తన అరచేతిలోనే పొడుచుకుంటుంది. ఈ మధ్య యూట్యూబ్‌లో ఒక మ్యూజిక్ వీడియో చూశాను, ఇవన్నీ అందులో ఉన్నాయి. కేసు వేయొచ్చా సర్? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీరు పంపిన కథ చదివి, ఆ వెంటనే వీడియో చూశాను. రెండో నిమిషంలోనే నాకూ "అరె, ఇది అదే కదా" అనిపించింది. అలా అనిపించడానికి కోర్టులో విలువ ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన పరీక్ష దాదాపు ఇదే: రెండూ చూసిన మామూలు మనిషికి రెండోది మొదటిదానికి కాపీ అని గట్టిగా అనిపించాలి. కానీ ఆ కేసులో నాటక రచయిత ఓడిపోయాడు, అది కూడా గుర్తుపెట్టుకోండి. ప్రాంతీయ దురభిమానం మీద ఆయన నాటకం రాశాడు, సినిమావాళ్లూ దాని మీదే తీశారు, ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన తీరుకే హక్కు అంది కోర్టు.

అందుకని మూగజీవాన్ని హింసించడం అనే విషయాన్ని మీ లెక్కలోంచి తీసేయండి. బండెద్దు, ములుకోల కూడా తీసేయండి, పల్లెటూరి కథ ఎవరు రాసినా అవి వస్తాయి. పసుపు పెట్టడం మీకు చాలా ఇష్టమైన సీన్ అని ఉత్తరం చూస్తే అర్థమైంది గానీ, గాయానికి పసుపు పెట్టని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది చెప్పండి, దాని మీద వాదిస్తే అవతలి లాయర్ నవ్వుతాడు. ఇవన్నీ పోగా మిగిలేవి రెండే. కనపడని కన్ను వైపు నుంచి పొడవడం, పిల్ల తన చేతిలో పొడుచుకోవడం. క్రూరత్వం మీద రాసే పది మందిలో ఒకరికి ఈ రెండింట్లో ఒకటి తట్టొచ్చు, రెండూ కలిపి అదే వరసలో, పైగా అదే ఎడమ కన్నుతో తట్టాయంటే జడ్జిగారు కూడా కాస్త ఆగి చూస్తారు. మీ కేసు ప్రాణమంతా అక్కడే ఉంది.

నాలుగు నిమిషాల వీడియోనే కదా అని వాళ్లు తప్పించుకోలేరు, కథని దృశ్యంగా తీసే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 14 కింద రచయితది, నిడివితో పనిలేదు. పాట రాసినాయన మీద మాత్రం కోపం పెట్టుకోకండి. సాహిత్యంలో మీ కథ ఊసే లేదు, కాపీ ఉన్నదల్లా దృశ్యంలో. కాబట్టి నోటీసు వీడియో దర్శకుడికీ నిర్మాతకీ పంపాలి.

నాకు అసలు టెన్షన్ వేరే చోట ఉంది. "బహుమతి పొందిన కథలపై సర్వహక్కులూ పత్రికవే" అని పోటీ ప్రకటనల్లో ఒక లైన్ వేస్తుంటారు. మీరు సంతకం పెట్టిన కాగితం ఏదీ లేకపోతే ఆ లైన్‌కి భయపడక్కర్లేదు, అదే చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీకి రచయిత సంతకంతో రాతపూర్వక పత్రం ఉండాలి. హామీపత్రం పేరుతో ఏమైనా సంతకం చేశారా? చేసుంటే ముందు దాని కాపీ నాకు పంపండి, అది చూడకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

కథ రిజిస్టర్ చేయించలేదని బాధపడుతున్నారు, అది తప్పనిసరి కాదు. అచ్చయిన సంచికే మీ తేదీకి సాక్ష్యం, రెండు కాపీలు సంపాదించి దాచండి. వీడియో తీసేస్తే చేతిలో ఏమీ మిగలదు, అందుకని లింకు, అప్‌లోడ్ తేదీ, కింద ఇచ్చిన పేర్లు కనపడేలా ఇవాళే సేవ్ చేసుకోండి. కోర్టులో దీనికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం, జతచేయాలి, అది నేను చూసుకుంటాను. దావాకి హైదరాబాద్ తిరగక్కర్లేదు, కాపీరైట్ చట్టం సెక్షన్ 62 వల్ల మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. నష్టపరిహారానికైతే మూడేళ్ల గడువు ఉంది.

ఈలోగా ఫేస్‌బుక్‌లో వాళ్లని దొంగలని రాయకండి, రాసి ఉంటే ఈ రాత్రికే తీసేయండి. వాళ్లు ఎదురు పరువునష్టం కేసు వేస్తే మనం ఎద్దు సంగతి వదిలేసి దాని చుట్టూ తిరగాల్సొస్తుంది.