మడత వైపు కత్తెర పెట్టొద్దు

అమ్మడూ,

ఆశీస్సులు. ఆదివారం మీ అపార్ట్‌మెంట్ పిల్లల్ని కూర్చోబెట్టి కాగితంతో హార్ట్ బొమ్మలు చేయిస్తానన్నావు. ఏమేం కొనాలని అడిగావు. ముందు బీరువా మీద పడేసిన పాత శుభలేఖలు దించు. మన హైదరాబాద్ ఛత్తా బజార్ ప్రెస్సుల్లో అచ్చయినవి కదా, ఎరుపు, మెరూన్, బంగారు రంగు అంచులు, బోలెడు సరుకు. పై కార్డు మందం, చిన్నపిల్లల కత్తెరకు లొంగదు. దాన్ని నువ్వే కోసి అచ్చుగా పెట్టుకో, పిల్లలు దాని చుట్టూ పెన్సిల్‌తో గీసుకుంటారు. లోపలి పల్చటి కాగితాలు వాళ్లకిచ్చెయ్. చాలకపోతే గ్లేజు పేపరు, రంగుల ఏ4 కాగితాలు తెచ్చుకో. చార్టు మాత్రం వద్దు. మడిచేసరికి అట్టలా అయిపోతుంది, చిన్న వేళ్లు నొప్పెడతాయి.

ఒక తమలపాకుల కట్ట కూడా తెప్పించు. నవ్వకు! మనిషికో ఆకు ఇచ్చి, ఈనె దగ్గర మడవమను. రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. బొమ్మంతా గియ్యక్కర్లేదు, సగం గీస్తే చాలన్నది అక్కడే అర్థమైపోతుంది. తర్వాత కాగితం మధ్యకు మడిచి, మడతను ఆనుకుని ఒక చెవి గియ్యమను. పైన గుండ్రం, కింద సన్నం. చెవి గియ్యడం రాని పిల్ల ఉండదు. పెద్ద పిల్లలు లవ్ సింబల్ అని ముసిముసి నవ్వులు మొదలుపెడితే, పేకముక్కల్లో ఆటీను చూళ్లేదా అని నా మాటగా అడుగు.

నేను మొదటిసారి ఒకటో తరగతి వాళ్లతో చేయించినప్పుడు ఒక్క మాట చెప్పడం మర్చిపోయాను. సగం క్లాసు మడత వైపే కత్తిరించేసింది. మూడో వరసలో ఒక పిల్ల కాగితం విప్పింది, ఒళ్లో రెండు ముక్కలు విడివిడిగా పడ్డాయి. ఒకటి ఇటు, ఒకటి అటు పట్టుకుని చూసి, పెదవి వంచి, ఏడుపు అందుకుంది. ఆ పీరియడంతా గమ్ డబ్బాతోనే గడిచిపోయింది. అప్పటినుంచి నేను ముందు మడత మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో గీత గీయిస్తాను. ఎర్ర గీత చేతిలో ఉండాలి, కత్తెర దాని జోలికి పోకూడదు. ఇంతకంటే పెద్ద చిట్కా నా దగ్గర లేదు.

కత్తెర పట్టేటప్పుడు బొటనవేలు పైకి ఉండాలి. వంపు దగ్గర తిప్పాల్సింది కాగితాన్ని, కత్తెరను కాదు. పిల్లలు చెయ్యి మెలితిప్పి మోచెయ్యి గాల్లోకి లేపుతారు చూడు, అప్పుడే అంచు పళ్లుపళ్లుగా వస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లుంటే మామూలు కత్తెర కాగితాన్ని కొయ్యకుండా మడిచేస్తుంది, గీత కూడా కనపడదు. తప్పు వాళ్లది కాదు, కత్తెరది. ఎడమచేతి కత్తెర దొరక్కపోతే నువ్వే కోసివ్వు. మూడు నాలుగేళ్ల వాళ్లకు కత్తెరే వద్దు. ఎర్ర కాగితం చింపి ముక్కలు చేసి, నువ్వు గీసిచ్చిన బొమ్మలో అంటించమను. చింపడమంటే వాళ్లకు పండగ.

వాళ్ల చేతికి ఫెవికాల్ ఇవ్వకు. రెండు చెంచాల మైదా కప్పు నీళ్లలో ఉండల్లేకుండా కలిపి సన్న సెగ మీద ఉడికించు, చల్లారితే జిగురు. పుస్తకాల బైండింగు వాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, నువ్వు కలపకు. మిగిలింది దాచకుండా పారెయ్. జిగురు పల్చగా రాయించు, తడి ఎక్కువైతే కాగితం ముడుచుకుపోతుంది.

ఫ్యాన్ సంగతి మర్చిపోయేదాన్ని. మన ఊరి ఉక్కపోతలో ఆపమంటే ఎవరూ ఒప్పుకోరు. మనిషికో స్టీలు గ్లాసివ్వు, కాగితాల మీద బరువుకు.

ఏడెనిమిదేళ్ల వాళ్లకు తోరణం బాగుంటుంది. ఏ4 కాగితాన్ని పొడుగువైపు రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కొయ్యి. రెండు పట్టీలు కలిపి అడుగున పిన్ను కొట్టి, పై కొసల్ని చెరో పక్కకు వంచి కిందికి తెచ్చి కలిపితే హార్టు. ఆ కొసలకు బయటివైపు ఇంకో రెండు పట్టీలు నిలబెట్టి, నాలుగూ కలిపి పిన్ను కొట్టు, వాటినీ అలాగే వంచు. ఒకదాని కింద ఒకటి వేలాడుతూ పోతుంది. స్టాప్లర్ మాత్రం నీ చేతిలోనే ఉండాలి.

పదేళ్లు దాటినవాళ్లు ఇవన్నీ పదినిమిషాల్లో తేల్చేసి విసుక్కుంటారు. వాళ్లకు అల్లిక హార్టు ఇవ్వు. డెన్మార్కులో క్రిస్మస్ చెట్టుకు కట్టేది. దొరికినవాటిలో పాతది, పిల్లల కథలు రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసిందట. రెండు రంగుల కాగితాలు, ఒక్కోటి 6 సెంటీమీటర్ల వెడల్పు, 18 పొడవు. సగానికి మడిచి, విడిగా ఉన్న కొసను గుండ్రంగా కత్తిరించు. ఈసారి కత్తెర మడత వైపే పెట్టాలి! అక్కడ్నుంచి పైకి రెండు చీలికలు, ఆరు సెంటీమీటర్ల కంటే నూలుపోగంత ఎక్కువ. మూడు పట్టీలవుతాయి. ప్రతి పట్టీ రెండు పొరలు కదా, అల్లేది చాపలా పైనుంచి కిందనుంచి కాదు, రెండో రంగు పట్టీల్లో ఒకదాని పొట్టలోంచి దూరి, తర్వాతదాన్ని తన పొట్టలో పెట్టుకుని. రెండో వరసలో తిరగేసి. మొదటిది చిరుగుతుంది, చిరగనీ. పూర్తయితే సంచీలా తెరుచుకుంటుంది, నాలుగు చాక్లెట్లు పడతాయి. ముందు రోజు రాత్రి నువ్వొకటి అల్లి చూసుకో, లేకపోతే పిల్లల ముందు తెల్లమొహం వెయ్యాలి.

వంకర బొమ్మల్ని నువ్వు కత్తెర తీసుకుని సరిచెయ్యకు. వాటి వెనకాల పేరు, తేదీ రాయించు.

అన్నట్టు, నిరుడు పట్టుకెళ్లిన నా బట్టల కత్తెర ఇంకా నీ దగ్గరే ఉంది. దాన్ని మాత్రం పిల్లలకివ్వకు, కాగితం కోస్తే పదును పోతుంది. ఈసారి మలక్‌పేట వైపు వచ్చినప్పుడు తెచ్చిచ్చెయ్.

మీ పెద్దమ్మ