ఇంట్లో పీపాలోంచి స్టౌట్ (నల్లటి బీరు) పోసుకోడానికి మామూలు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు సరిపోతుందా?

సరిపోదు; సుమారు 75 శాతం నైట్రోజన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండరు, దానికి సరిపడే రెగ్యులేటరు, స్టౌట్ కుళాయి, ఈ మూడూ ఉండాలి.

స్టౌట్ కుళాయి లోపల సన్నటి రంధ్రాలున్న బిళ్ల ఒకటి ఉంటుంది. బీరు ఆ రంధ్రాల్లోంచి గట్టిగా దూసుకొస్తేనే నైట్రోజన్ విడిపోయి మీగడలాంటి నురగ కడుతుంది. అంత గట్టిగా తోయాలంటే 30–35 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి కావాలి. చిక్కంతా ఇక్కడే. నైట్రోజన్ బీరులో కరిగేది చాలా తక్కువ, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా కరుగుతుంది. ఉదాహరణకు 4 డిగ్రీల చల్లదనంలో, 35 పీఎస్‌ఐ దగ్గర మిశ్రమం వాడితే లీటరు బీరులో దాదాపు 1.2 లీటర్ల కార్బన్ డయాక్సైడే నిలుస్తుంది. అదే ఒత్తిడిలో ఉత్త కార్బన్ డయాక్సైడ్ పెట్టి కొన్నాళ్లు వదిలేస్తే దానికి నాలుగింతలు ఎక్కుతుంది. కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగే.

ఒత్తిడి 10 పీఎస్‌ఐకి దించితే చాలని చాలామంది అనుకుంటారు. నురగ తగ్గుతుంది నిజమే, కానీ బిళ్ల దగ్గర తోపు చాలక బీరు నీరసంగా కారుతుంది. ఉత్త నైట్రోజన్ పెట్టినా లాభం లేదు, రోజులు గడిచేకొద్దీ బీరు చప్పబడుతుంది.

కర్నూలు వెల్డింగ్ షాపుల్లో వాడే ఆర్గాన్ మిశ్రమం ఇది కాదు. ఆహారానికి వాడదగ్గ గ్యాసేనా అని అడిగి మరీ తీసుకోవాలి. ఇక అనంతపురం ఎండలకు పైపు ఫ్రిజ్ బయట వేలాడితే, మిగతావన్నీ సరిగ్గా ఉన్నా మొదటి గ్లాసు నురగే వస్తుంది.