52 పుస్తకాల బాకీ

డిసెంబరు వచ్చిందంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం ఒళ్లు తగ్గించుకోవడం గురించి, మిగతా సగం పుస్తకాలు చదవడం గురించి ఉంటాయి. ఒళ్లు సంగతి నన్ను అడక్కండి, నాకే చేతకాలేదు. పుస్తకాల ఉత్తరాల్లోంచి కొన్ని ఏరి ఈసారి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కిందటి జనవరి ఒకటిన గుడ్‌రీడ్స్‌లో 52 పుస్తకాలు చదువుతానని టార్గెట్ పెట్టుకున్నాను, వారానికొకటి చొప్పున. మార్చికల్లా 7 చదివి ఆగిపోయాను. ఆ తర్వాత తెరిచినప్పుడల్లా ఇన్ని పుస్తకాలు వెనకబడ్డారని చూపిస్తుంటే సిగ్గేసి యాప్ తీసేశాను. రోజూ మెట్రోలో రాయదుర్గం వెళ్లొస్తాను, అక్కడ కూడా ఫోనే చూస్తాను. ఈసారి 24 పెట్టుకుందామా, 12 చాలా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఏడు పుస్తకాలు చదివారు కదా, అవేమిటో ఉత్తరంలో ఒక్కదాని పేరు కూడా రాయలేదు మీరు. అంకెలు మాత్రం నాలుగు రాశారు. జబ్బు నాకు అక్కడే కనిపించింది.

వారానికొకటి అనుకున్న రోజు నుంచే మనం పుస్తకం ఎంచుకునే తీరు మారిపోతుంది. అలమరలో లావుపాటిది ఉంటే చెయ్యి దాన్ని దాటి పక్కనున్న సన్నదాని మీదికి పోతుంది. వేయిపడగలు చదవాలని ఎప్పట్నుంచో ఉందనుకోండి, వెయ్యి పేజీలదీ ఒకటే లెక్క, అరవై పేజీలదీ ఒకటే లెక్క అయినప్పుడు దాన్నెవరు ముట్టుకుంటారు? విశ్వనాథవారు ఆ నవలని 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారని అంటారు. చదవడానికి నాకు ఐదు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు అలిగి పక్కన పడేశాను కూడా. మీ యాప్ లెక్కలో ఆ ఐదు నెలల కాపురం ఒక్క పుస్తకం.

ఇంకోటి, వదిలేయడం. అంకె కోసం చదివేటప్పుడు పుస్తకం నచ్చకపోయినా అప్పటికే చదివిన 40 పేజీలు వృథా అవుతాయని దాన్నే పట్టుకు వేలాడతాం, నచ్చలేదు కాబట్టి తెరవబుద్ధి కాదు, తెరవలేదు కాబట్టి వేరేది మొదలుపెట్టం, అలా మూడు వారాలు గడిచిపోతాయి, ఈలోగా బాకీ పెరుగుతూ ఉంటుంది. మార్చిలో మీ చేతిలో ఉన్న పుస్తకం ఏదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నా అనుమానం దాని మీదే.

కాబట్టి 24 వద్దు, 12 వద్దు. ఎన్ని అనేది పక్కన పెట్టి ఎప్పుడు, ఎక్కడ అనేది తేల్చుకోండి. పొద్దున రైల్లో చదువుతానని మాత్రం అనుకోకండి, అమీర్‌పేటలో మారాక హైటెక్ సిటీ వైపు పోయే బండిలో జేబులోంచి ఫోన్ తీయడానికే చోటుండదు, పుస్తకం ఎక్కడ విప్పుతారు? సాయంత్రం సంగతి వేరు. రాయదుర్గంలో బండి అక్కడే మొదలవుతుంది, రద్దీగా ఉంటే ఒకటి వదిలేసి ముందు వరసలో నిలబడండి, తర్వాతదాంట్లో సీటు దొరుకుతుంది. అమీర్‌పేట దాకా ఆ సీటూ ఆ టైమూ మీవే. పుస్తకం బ్యాగులో పైన ఉండాలి, లాప్‌టాప్ కింద కాదు. ఇదేం పెద్ద విషయమా అనుకుంటారేమో, ఒక్క చేత్తో బయటికి రాని పుస్తకాన్ని ఎవరూ తీయరండీ, ఫోనే తీస్తారు.

నేను గడియారం దగ్గర పెట్టుకుని చూసుకున్నాను, మామూలు సైజు తెలుగు నవల 20 నిమిషాలకి 11 పేజీలు నడిచింది. మీకు ఎనిమిదే అనుకుందాం. ఆఫీసుకి వెళ్లేది ఏడాదికి 200 రోజులు అనుకున్నా 1600 పేజీలు, అంటే 200 పేజీల నవలలు ఎనిమిది. కిందటేడాది కంటే ఒక్కటే ఎక్కువ, ఇంతోటి దానికి ఇంత ఉపన్యాసమా అని నవ్వుకుంటున్నారు కదూ! కానీ ఇది ఇంట్లో ఒక్క పేజీ తిప్పకుండా వచ్చిన లెక్క. బాగున్న పుస్తకం రైలు దిగాక ఊరుకోదు, అన్నం తింటూ కూడా ఎడమ చేత్తో తెరిపిస్తుంది. అదంతా పైన.

యాప్ మళ్లీ పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, టార్గెట్ దగ్గర 1 అని నింపండి. జనవరిలోనే అయిపోతుంది, ఆ తర్వాత ఏడాదంతా అది నోరెత్తదు.

ప్రశ్న: అక్కా, నా వయసు 46. పెళ్లికి ముందు సీరియల్ వచ్చే వారపత్రిక కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నం గిన్నెలు సర్దుకుని మంచం మీద పుస్తకం పట్టుకుంటే రెండు పేజీలకే కళ్లు మూతలు పడుతున్నాయి. ఈ ఏడాది పది పుస్తకాలు చదివి తీరాలని మా అమ్మాయి డైరీ కొనిచ్చింది. నా వల్ల అవుతుందంటారా?
– ఓ గృహిణి, తెనాలి

జవాబు: అవుతుంది. ముందు కళ్లు చూపించుకోండి.

పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటున్నారా? సూదిలో దారం ఎక్కించడానికి అమ్మాయిని కేకేస్తున్నారా? అయితే అది చత్వారం. నలభై దాటాక కంట్లో కటకం బిరుసెక్కి దగ్గరి వాటి మీద చూపు నిలవదు. బలవంతాన నిలిపితే కళ్లు బరువెక్కుతాయి, తల పట్టేస్తుంది, మనమేమో దాన్ని నిద్ర అనుకుంటాం. అందులో మన లిపిలో ఒత్తులన్నీ కింద సన్నగా ఉంటాయి కదా, ముందు మసకబారేవి అవే, పాత ముద్రణల్లో అయితే మరీను. నాకు 43వ ఏట వచ్చింది. రెండేళ్లపాటు ఈమధ్య నవలలు బోరు కొడుతున్నాయని కనబడిన వాళ్లందరికీ చెప్పుకు తిరిగాను, కళ్లజోడు పెట్టుకున్న రోజు తెలిసింది పాపం నవలల తప్పేం లేదని.

జోడు వచ్చాక కూడా, అన్నం తిని మంచం మీద వాలి చదివితే వచ్చేది నిద్రే, దానికి ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. మధ్యాహ్నాన్ని కునుక్కే వదిలేయండి. మీ తెనాలికి దగ్గర్లోనే 1935లో కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు, విన్నారా? అప్పట్లో జనం కాలువల మీద పడవల్లో తిరిగేవాళ్లు, ఎక్కితే దిగేదాకా ఊరికే కూర్చోవడమే. వాళ్లని గ్రంథాలయానికి రండి రండి అని బతిమాలకుండా, వాళ్లు ఎలాగూ కూర్చునే చోటికే పుస్తకాల్ని పట్టుకెళ్లారు. గ్రంథాలయోద్యమంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట ఇదే. మీ ఇంట్లో ఆ పడవ ఏదో వెతుక్కోండి. నాదైతే పొయ్యి పక్కన స్టూలు. కుక్కర్ పెట్టాక మూడు కూతలు వచ్చేదాకా మనం చేసేదేముంది, దాన్ని చూస్తూ నిలబడటమేగా. కుక్కర్ అయితే కూతేసి పిలుస్తుంది కానీ పాలు పిలవవు, పాలు పెట్టినప్పుడు మాత్రం పుస్తకం తీయకండి, నావి నాలుగుసార్లు పొంగాయి.

అలాంటి ముక్కల టైముకి పెద్ద నవల కుదరదు. అమరావతి కథలు తీసుకోండి, వంద కథలు, ఒక్కోటి నాలుగైదు పేజీలకి మించదు, అవి కూడా మొదట వారపత్రికలో వారం వారం వచ్చినవే. ఒక్కో కుక్కర్‌కి ఒక కథ. పోపు వేసేలోపు అయిపోకపోతే అన్నం వార్చాక.

అమ్మాయి ఇచ్చిన డైరీలో 1 నుంచి 10 దాకా నంబర్లు వేసి ఖాళీలు పెట్టకండి, ఆ ఖాళీలు చూస్తేనే భయం. చదివిన రోజు తేదీ వేసి నచ్చిన వాక్యం ఒకటి ఎక్కించండి, చదవని రోజు ఏమీ రాయకండి. మసాలా మరక పడితే పడనివ్వండి.

ప్రశ్న: గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా లైబ్రరీలోనే. కొత్త సంవత్సరంలో రోజూ కాసేపు నవల చదవాలని ఉంది కానీ మా రూమ్మేట్లు టైం వేస్టు అంటున్నారు. చదవచ్చా?
– ఓ నిరుద్యోగి, చిక్కడపల్లి

జవాబు: గ్రంథాలయంలో కూర్చుని పుస్తకం చదవచ్చా అని అడిగే రోజులొచ్చాయి! పరీక్ష రెండు నెలల్లోపు ఉంటే వద్దు, ధ్యాస దాని మీదే ఉంటుంది, నవల పేజీలు ఊరికే తిప్పుతారు. ఇంకా టైముంటే రాత్రి లైబ్రరీ మూసే ముందు పది పేజీలు చదవండి, పరీక్షకి పనికొచ్చే నవల ఏదని మాత్రం వెతక్కండి. ఇంకో మాట, ఊళ్లో మీ నాన్నగారు కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. కాబట్టి ఆ బెంచీ మీదే కాదు, వెనక అలమరల్లో దుమ్ము కొట్టుకుపోతున్న వాటి మీద కూడా మీ ఇంటి వాటా ఉంది. రూమ్మేట్లకి ఈ ముక్క చెప్పండి, కరెంట్ అఫైర్స్ అనుకుని రాసుకుంటారు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది డాలస్. బాబుకి 11, పాపకి 8 ఏళ్లు, ఇద్దరూ తెలుగు నేర్పే మనబడి క్లాసులకి వెళ్తారు. అక్షరాలన్నీ వచ్చు, కూడబలుక్కుని చదువుతారు. ఈ ఏడాది నెలకొక తెలుగు పుస్తకం వాళ్లచేత చదివించాలని నేనూ మావారూ అనుకున్నాం. ఏ పుస్తకాలు కొనమంటారు?
– ఓ అమ్మ

జవాబు: అనుకున్నది మీరిద్దరూ, చదవాల్సింది వాళ్లిద్దరూ. ఫిబ్రవరి దాకా సాగుతుంది, మార్చిలో ఇంట్లో యుద్ధం.

కూడబలుక్కుని చదివేవాళ్లకి ఏమవుతుందంటే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివారో గుర్తుండదు. తెలుగులో క్రియ చివర్న కదా వచ్చేది, అంతసేపూ ఎవరు, ఎక్కడ, ఏమిటి అన్నీ బుర్రలో మోయాలి. ఇంగ్లీషులో మూడొందల పేజీలు గబగబా చదివేసే పదకొండేళ్ల వాడికి ఇది ఎంత అవమానంగా ఉంటుందో ఒక్కసారి వాడి వైపు నుంచి చూడండి. వాడికి తెలుగు రాక కాదు, తెలుగులో తను పసివాడైపోతున్నానని ఉక్రోషం.

కాబట్టి ఈ ఏడాది చదివేది మీరు, వినేది వాళ్లు. పేజీలో చివరి వాక్యం ఒక్కటి వాళ్లు చదువుతారు, అంతే. 1947లో మొదలైన చందమామ పాత సంచికలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, అందులో బేతాళ కథతో మొదలుపెట్టండి. బేతాళుడు ప్రశ్న వేశాక అక్కడే పుస్తకం మూసేయండి. విక్రమార్కుడి కంటే ముందు మీ పాప జవాబు చెబుతుంది, ఇంగ్లీషులో చెప్పినా సరిదిద్దకండి, కథ తెలుగులో అర్థమైంది కదా. ఇంట్లో ఎవరూ వాడని మాటలు ఆ కథల్లో చాలా వస్తాయి, పేజీకి ఒక్కదానికే ఆగి అర్థం చెప్పండి, ప్రతిదానికీ ఆగితే కథ కాస్తా మళ్లీ ఆదివారం క్లాసైపోతుంది.

వేళ విషయానికొస్తే, చలికాలంలో మీకు రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పొద్దున ఏడున్నర. అమ్మమ్మో తాతయ్యో కాఫీ తాగి తీరిగ్గా కూర్చునే టైము. వీడియో కాల్‌లో తిన్నావా, చదువుకుంటున్నావా అయ్యాక పిల్లలకీ వాళ్లకీ మాటలు అయిపోతుంటాయి కదా, ఆ తర్వాత పది నిమిషాలు వాళ్లనే కథ చదవమనండి. కొత్తగా పుస్తకాలేం కొనక్కర్లేదు.

ప్రశ్న: పొద్దున బీచ్ రోడ్డులో నడుస్తూ ఆడియో కథలు వింటాను. ఇది చదివినట్టు లెక్కేనా?
– విశాఖపట్నం నుంచి

జవాబు: లెక్కే. గుళ్లో కూర్చుని పురాణం విన్నవాళ్లని నువ్వు చదవలేదు పొమ్మని ఎవరూ అనలేదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆపండి.

ప్రశ్న: కిందటి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో 14 పుస్తకాలు కొన్నాను. 3 చదివాను. మళ్లీ జనవరి వచ్చేసింది. మిగతా 11 పూర్తయ్యేదాకా అటువైపు వెళ్లడానికి వీల్లేదని మా ఆవిడ షరతు పెట్టింది. ఇదేం న్యాయం?
– ఓ పుస్తకప్రియుడు, గుంటూరు

జవాబు: సగం న్యాయం. ఆ పదకొండూ నేల మీద పరిచి ఒక్కోటి ఎందుకు కొన్నారో గుర్తు తెచ్చుకోండి. డిస్కౌంటు ఉందని కొన్నవి, రచయిత స్టాల్లో నిలబడి ఉంటే మొహమాటానికి కొన్నవి, పక్కనున్న ఫ్రెండ్ కొన్నాడని కొన్నవి వేరే పెట్టండి. అవి మీరు ఈ ఏడాదీ చదవరు, వచ్చే ఏడాదీ చదవరు, ఎవరికైనా ఇచ్చేయండి. మిగిలినవాటికి నిలబడే మొదటి పేజీ చదవండి, కూర్చోవాలనిపించింది ఉంచుకోండి. నాలుగు మిగిలితే గొప్ప. అప్పుడు ధైర్యంగా ఎగ్జిబిషన్‌కి వెళ్లండి, ఆవిణ్ని కూడా తీసుకెళ్లి పర్సు ఆవిడ చేతికివ్వండి.

మా ఇంట్లో షరతు ఇంకోలా ఉంటుంది. ఒక పుస్తకం లోపలికి వస్తే ఒకటి బయటికి వెళ్లాలని మావారు రూలు పెట్టారు. నేను వెంటనే ఒప్పుకున్నాను, మూడేళ్లుగా తప్పకుండా పాటిస్తున్నాను కూడా. ఇప్పటిదాకా వెళ్లినవన్నీ ఆయనవే.