కొత్త లైపో ప్యాక్‌లో మూడో సెల్ వెనకబడితే...

ప్రశ్న: మాది ఆమదాలవలస. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆర్సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానం కోసం 3ఎస్ (మూడు సెల్స్ వరసగా కలిపిన), 2200 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటల) సామర్థ్యమున్న లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాకులు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించాను. బీ6 రకం ఛార్జర్‌తో బ్యాలెన్స్ ఛార్జింగ్ (ప్రతి సెల్‌నీ విడిగా చూస్తూ అన్నిటినీ సమానం చేసే పద్ధతి) పెడితే మొదటి ప్యాక్‌లో రెండు సెల్స్ 4.20 వోల్టులకు వచ్చేశాయి. మూడోది మాత్రం 4.07 దగ్గరే ఉండిపోయింది. ఇంకో గంట దాటినా ‘ఫుల్’ రాలేదు. రెండో ప్యాక్ పెడితే ‘కనెక్షన్ బ్రేక్’ అని బీప్ కొట్టి ఆగిపోతోంది. బ్యాలెన్స్ వద్దు, మామూలు ఛార్జ్ మోడ్‌లో పెట్టేయమని సీనియర్లు అంటున్నారు. వాపసుకి ఇంకా నాలుగు రోజులే గడువు. ఏం చేయను సార్?

జవాబు: ముందుగా ఒక్కటి. మామూలు మోడ్‌లో పెట్టొద్దు. సీనియర్లు మీ మంచికే చెప్పి ఉంటారు, కానీ లెక్క చూడండి. ఒక్కో సెల్ వోల్టేజీని ఛార్జర్‌కి చూపించే బ్యాలెన్స్ తీగ వాడని మోడ్‌లో ఛార్జర్‌కి కనబడేది మొత్తం వోల్టేజీ ఒక్కటే. మూడు సెల్స్‌కి కలిపి 12.6 వచ్చేదాకా కరెంటు పంపుతూనే ఉంటుంది. మీ మూడో సెల్ 4.07 దగ్గర ఉంటే మిగిలిన 8.53 వోల్టులను పక్క రెండూ పంచుకోవాలి. అంటే ఒక్కోటి 4.26 దాటుతుంది. లైపో సెల్‌కి పైహద్దు 4.20. అది దాటితే లోపల ఎలక్ట్రోలైట్ విడిపోయి గ్యాస్ పుడుతుంది, ప్యాక్ ఉబ్బుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. హాస్టల్ గదిలో మంచం మీద ఛార్జింగ్ పెట్టే పిల్లలను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక గంట దాటినా ఎందుకు అవలేదంటే, బ్యాలెన్సింగ్ అనేది స్వతహాగా నెమ్మదైన పని. మూడు బిందెలు ఒకే కుళాయి కింద ఉన్నాయనుకోండి. సెల్స్ వరసలో ఉంటాయి కాబట్టి మూడింట్లోకీ నీళ్లు సమానంగానే పడతాయి. రెండు నిండాయి, మూడోది నిండలేదు. ఛార్జర్ చేసేదల్లా కుళాయిని సన్నధారకి తగ్గించి, నిండిన రెండింటిలోంచి చెంబుతో తోడి పారబోస్తూ మూడోదాని కోసం ఆగడం. ఆ చెంబు చిన్నది. ఈ తరగతి ఛార్జర్లలో సాధారణంగా 200 నుంచి 300 మిల్లీఆంపియర్లు మాత్రమే తోడగలదు. 4.07కీ 4.20కీ తేడా చూడ్డానికి చిన్నదే కానీ, మీ ప్యాక్‌లో అది సుమారు 250 నుంచి 300 ఎంఏహెచ్. అంటే ఒక గంట, గంటన్నర పట్టడం సహజం. కాబట్టి ఆలస్యాన్ని బట్టి బ్యాటరీ పాడైందని తేల్చకండి. మూడో సెల్ అంకె మెల్లగానైనా పెరుగుతోందా, అక్కడే నిలబడిపోయిందా అన్నది చూడండి.

కొత్త ప్యాక్‌లో ఇంత తేడా ఎందుకుందన్నది వేరే ప్రశ్న. మంచి తయారీదారు ఒకేలాంటి సెల్స్‌ని ఏరి జత కడతాడు, డబ్బా విప్పగానే సెల్‌కీ సెల్‌కీ మధ్య తేడా 0.01, 0.02 వోల్టులకు మించదు. మీది అంతకంటే ఎక్కువ. కానీ ఆ అంకె చెబుతున్నది ఛార్జర్. దాన్ని నమ్మే ముందు మీరే కొలవండి. ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు.

మీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. తెల్లటి బ్యాలెన్స్ ప్లగ్‌లో నాలుగు రంధ్రాలుంటాయి. నల్ల తీగ ఉన్న చివరి రంధ్రంలో నల్ల ప్రోబ్ ఆనించి, ఎర్ర ప్రోబ్‌ని దాని పక్కదాంట్లో ఆనిస్తే మొదటి సెల్ తెలుస్తుంది. ఎర్ర ప్రోబ్ ఇంకో రంధ్రం జరిపితే మొదటి రెండింటి మొత్తం, చివరికి జరిపితే మూడింటి మొత్తం. ఉదాహరణకి 3.80, 7.60, 11.40 వస్తే, తీసివేసుకుంటూ పోతే ఒక్కోటీ 3.80 అని తేలుతుంది. ప్రోబ్ మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. పక్కపక్క పిన్నులు కలిస్తే సెల్ నేరుగా షార్ట్ అవుతుంది, మొన కరిగేంత నిప్పురవ్వ లేస్తుంది. చేయి వణికేవాళ్లు ప్రోబ్‌కి టేపు చుట్టి మొన మాత్రం బయట ఉంచుకోవడం మంచిది.

మీటర్‌లో మూడూ సమానంగా ఉండి ఛార్జర్‌లోనే తేడా కనిపిస్తే తప్పు ఛార్జర్‌ది. అదే ఛార్జర్‌కి స్నేహితుడి ప్యాక్ పెట్టి చూడండి. అక్కడ కూడా మూడో సెల్లే తక్కువ చూపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. మీటర్‌లోనూ తేడా ఉంటే ప్యాక్‌దే. అప్పుడు ఛార్జ్ పూర్తిగా అవనిచ్చి, ప్యాక్‌ని ఛార్జర్ నుంచి తీసేసి, రెండు మూడు గంటలాగి కొలిచి రాసుకోండి. ఒక రాత్రి ఉంచి పొద్దున్నే మళ్లీ కొలవండి. మూడూ కలిసికట్టుగా 0.01, 0.02 తగ్గితే ఫర్వాలేదు, ఆ ప్యాక్‌ని వాడుకోవచ్చు. మూడోది ఒక్కటే 0.05 లేదా అంతకంటే ఎక్కువ జారితే ఆ సెల్ లోపలే కారిపోతోందని అర్థం. బ్యాలెన్స్ చేసినకొద్దీ వెనకబడుతూనే ఉంటుంది. వెంటనే వాపసు పంపండి.

రెండో ప్యాక్ గురించి నాకు ఆశ ఎక్కువ. ‘కనెక్షన్ బ్రేక్’ చాలాసార్లు సెల్ జబ్బు కాదు, పిన్ను జబ్బు. పోయినేడు విజయనగరంలో మా బంధువుల అబ్బాయి కొత్త ప్యాక్ తెచ్చి చూపించాడు. ఛార్జర్‌లో మొదటి సెల్ 4.52, రెండోది 3.06, మూడోది 3.79. కొత్త బ్యాటరీలో 4.52 ఎలా వస్తుంది? మొదటి రెండూ కలిపితే 7.58. సగం చేస్తే సరిగ్గా 3.79. అంటే సెల్స్ బాగానే ఉన్నాయి, వాటి మధ్య తీగ ఒక్కటే గాల్లో ఉంది. ప్లగ్‌ని దీపం వెలుగులో పెట్టి చూస్తే నాలుగింట్లో ఒక పిన్ను ఒక మిల్లీమీటరు వెనక్కి జారి ఉంది. కొబ్బరి చీపురుపుల్లతో తీగ వైపునుంచి మెల్లగా నెడితే టిక్కుమని కూర్చుంది. పక్కపక్క సెల్స్ ఒకటి బాగా పైకి, ఒకటి బాగా కిందకి చూపిస్తూ మొత్తం మాత్రం సరిగ్గా ఉంటే ముందు పిన్నునే అనుమానించండి. ఇనుప సూది, స్క్రూడ్రైవర్ మాత్రం వాడొద్దు. పిన్ను కూర్చోకపోతే మీరు కోసి, అతికించి సాహసాలు చేయొద్దు, వాపసు పంపేయండి.

ఇకముందు కొత్త ప్యాక్ వస్తే ప్లగ్ పెట్టకముందే మూడు సెల్స్ కొలిచి, మీటర్ కనబడేలా ఫొటో తీసి పెట్టుకోండి. అమ్మినవాళ్లతో మాట్లాడేటప్పుడు అదే సాక్ష్యం. కొత్తవి సాధారణంగా 3.7 నుంచి 3.85 మధ్య వస్తాయి. ఏ సెల్ అయినా 3 వోల్టులకంటే కింద ఉంటే ఛార్జ్ పెట్టనే వద్దు. మొదటి రెండు మూడు ఛార్జింగులు 1.1 ఆంపియర్లతో, బ్యాలెన్స్ మోడ్‌లో, మీరు పక్కనే కూర్చుని చేయండి. మోడ్ లైపో అనే ఉండాలి, నికెల్ బ్యాటరీల మోడ్ పొరపాటున కూడా కాదు.

ప్రశ్న: మాది బొబ్బిలి. లైపో ఛార్జర్ పది నిమిషాలు నడిచి ఆగి మళ్లీ మొదటికొస్తోంది. ఇంట్లో ఉన్న వైఫై రూటర్ అడాప్టర్‌తో నడుపుతున్నాను.

జవాబు: అదే కారణం. రూటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులు, 1 ఆంపియర్, అంటే 12 వాట్లే. 3ఎస్ ప్యాక్‌కి 2.2 ఆంపియర్లు పంపాలంటే చివర్లో 27 వాట్లపైనే కావాలి. అడాప్టర్ మోయలేక వోల్టేజీ పడిపోతుంది, ఛార్జర్ రీసెట్ అవుతుంది. 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ తీసుకోండి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఛార్జర్ ఉంటే 19 వోల్టులది కావచ్చు. చాలా బీ6 రకాలు 18 వోల్టుల వరకే తట్టుకుంటాయి. వెనక రాసిన అంకె చదవకుండా పెట్టొద్దు.

ప్రశ్న: నరసన్నపేట నుంచి. వేసవిలో ఫుల్ ఛార్జ్ చేసి రేకుల గదిలో దాచిన ప్యాక్ దిండులా ఉబ్బింది. తీపిగా నెయిల్ పాలిష్ వాసన వస్తోంది. ఒకసారి ఛార్జ్ చేసి చూడొచ్చా?

జవాబు: వద్దు. ఆ వాసన వచ్చిందంటే కవర్ ఎక్కడో విడిపోయి లోపలి ద్రావకం బయటికొస్తోంది. ప్యాక్‌ని ఇప్పుడే ఇంట్లోంచి తీసి, ఇసుక పోసిన ఇనుప బాల్చీలోనో మట్టి కుండలోనో పెట్టి, గడ్డివాములకీ పశువుల శాలకీ దూరంగా ఆరుబయట ఉంచండి. పొగ వస్తే దగ్గరికి వెళ్లొద్దు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చేటు. పొడవడం, నొక్కడం, చెత్తబండిలో వేయడం చేయొద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదీ దిగుమతిదారులదీ. కొన్నచోట అడగండి, లేదా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఇకమీదట నాలుగైదు రోజులకు మించి ఎగరేయని ప్యాక్‌ని ఛార్జర్‌లోని స్టోరేజ్ మోడ్‌తో సెల్‌కి 3.8 నుంచి 3.85 వోల్టుల దగ్గర ఆపి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గచ్చు మూల పెట్టండి. మే నెల మధ్యాహ్నం మన రేకుల కింద వేడికి నిండు ఛార్జ్ కూడా తోడైతే, ఎంత ఖరీదైన ప్యాకైనా ఉబ్బక మానదు.